కుడిచేతి సిరా

ఏసుదాస్ వేలూరు కాలేజీలో రాజనీతిశాస్త్రం చదువుతున్నాడు. ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలుస్తాడు, ఓడినవాడికి పడ్డ ఓట్లన్నీ వృథా అని పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాడు. ఆ చదువే కొంప ముంచింది.

పోలింగ్ నాడు సొంతూరు గుడియాత్తంలో చూపులేని అవ్వ సెల్లమ్మను బూత్‌కు తీసుకెళ్లాడు. చూపులేనివాళ్ల తరఫున తోడొచ్చినవాళ్లు మీట నొక్కవచ్చు. ఓటు రహస్యంగా ఉంచుతానని సంతకం చేశాడు. తన ఓటుకు ఎడమచేతి వేలికి సిరా పూసినవాళ్లు, తోడొచ్చినందుకు కుడిచేతి వేలికీ పూశారు.

"కుట్టుమిషను గుర్తు నొక్కు నాయనా," అంది అవ్వ వాడి చెవిలో. "నా కండ్లు పోతా ఉన్నప్పుడు పచ్చయమ్మే గదా బస్సెక్కించి వేలూరు ఆస్పత్రికి తిప్పింది."

పేర్ణాంబట్టులో బూట్ల పైతోలు కుట్టే పచ్చయమ్మ ఆ గుర్తు మీద స్వతంత్రంగా నిలబడింది. రెండు పెద్ద కళగం పార్టీల మధ్య ఆమెకు డిపాజిట్టు దక్కదని ఊరంతా అనుకుంటోంది. అవ్వ ఓటు బూడిదలో పోసిన పన్నీరవడమెందుకని ఏసుదాస్ తనకు నచ్చిన పార్టీ గుర్తు నొక్కేశాడు.

"నొక్కినావా నాయనా?"

"నొక్కినా అవ్వా."

అబద్ధం కాదట! ఏం తెలివండీ! ఆ పూట సంగటి ముద్ద తుంచబోతే వేలి మీది సిరా కనపడి, ముద్ద వదిలేసి చెయ్యి తోముకోను లేచాడు. ఎంత తోమినా ఆ మచ్చ పోలేదు.

ఫలితాలొచ్చాక పచ్చయమ్మ అవ్వను చూడవచ్చింది. ఓడతానని ఆమెకు ముందే తెలుసు. బూత్‌ల వారీ లెక్క చూశాకే మనసు విరిగింది.

"మీ బూత్‌లో నాకు సున్న పెద్దమ్మా. నువ్వొక్కదానివైనా వేసింటావనుకొంటిని," అని నవ్వబోయి ఏడ్చేసింది.

ఏసుదాస్ కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. అవ్వ మొహం వాడి వైపు తిరిగింది. ఆమెకు అర్థమైపోయింది. వాడు నోరు తెరిచేలోపే అందుకుంది.

"పెద్ద పార్టీవాళ్లు ఇంటికొచ్చి అడిగినారమ్మా. ముసల్దాన్ని, ఆశపడితిని. నేను చెప్పినట్టే వీడు నొక్కినాడు. తప్పు నాది."

పచ్చయమ్మ కాఫీ ముట్టకుండా లేచి వెళ్లిపోయింది.

"ఎందుకవ్వా అట్ల చెప్తివి?" అన్నాడు వాడు, సిగ్గుతో చచ్చిపోతూ.

"ఆ యమ్మ నన్ను తిట్టుకుంటే ఓర్చుకుంటా. నిన్ను తిడితే ఓర్చుకోలేను," అంది అవ్వ. మళ్లీ తనే, "ఇంకో ఎలక్షన్‌కి నువ్వు తోడు రావద్దులే నాయనా. పక్కింటోళ్లను పిలుచుకుంటా," అంది.

తిట్టినా బాగుండేది. వాడు చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకు పరిగెత్తాడు. పేర్ణాంబట్టు బస్సు అప్పుడే కదులుతోంది. పక్కన పరిగెడుతూ దాని రేకు మీద కుడిచేత్తో దబదబా బాదాడు.

"అత్తా! అవ్వ నీకే వెయ్యమనింది! మార్చి నొక్కింది నేను!"

రహస్యంగా ఉంచుతానని సంతకం పెట్టిన ఓటు బస్సులో అందరికీ వినపడింది.