ప్రోకోపి వంపు

పొద్దున్నే టీ తాగి, ఎండుచేప ముక్క ఒకటి దవడన పెట్టుకుని అగ్రఫేన పడవెక్కేది. మలుపు మలుపుకీ ఆగి, నీళ్ళలో పెట్టిన చేపల బుట్టలు ఎత్తి చూసుకునేది.

సోర్త్ యుగాన్ ఏరు పైన బురదనేలల్లో పుడుతుంది. నాచులోంచి ఊరి, డికాషన్ రంగుతో బయటపడి, దేవదారు అడవిలో మెలికలు తిరిగి తిరిగి, ఎక్కడో దిగువన ఓబ్ నదిలో కలుస్తుంది. కాకికైతే ఒక్క పూట దారి. ఏటికి ఆ తొందర లేదు. అందుకే అక్కడి ఖాంతీ తెగవాళ్ళు దూరాన్ని మలుపుల్లో చెబుతారు.

ప్రతి మలుపూ ఒక మనిషిది. బిడ్డ పుట్టిన వేసవిలో ఏరు ఏదో ఒక పక్కకి ఒరుగుతుంది. బిడ్డతో పాటే ఆ వంపూ పెరుగుతుంది. రోజులు దగ్గరపడితే, వంపు రెండు కొసలూ దగ్గరయ్యే మెడ దగ్గర నేల సన్నబడుతుంది. నీరు ఆ మెడ తెంచుకుని తిన్నగా పోయిన రోజున మనిషీ పోతాడు. మిగిలిన మడుగులో కొన్నేళ్ళపాటు సొంతవాళ్ళు వల వెయ్యరు. అంతే. ఇందులో ఎవరూ వింతపడేదేమీ లేదు.

అగ్రఫేన తమ్ముడు ప్రోకోపి ఆ చలికాలం పడక పట్టాడు. కడుపులో గడ్డ. పట్నం డాక్టర్లు కోసి చూసి, మళ్ళీ కుట్టేసి ఇంటికి పంపారు. మంచు కరిగేసరికి అతని వంపు మెడ గుమ్మమంత వెడల్పున మిగిలింది.

చేపలకి అడ్డుతడికలు కట్టడంలో అగ్రఫేన చెయ్యి తిరిగిన మనిషి. చేపని ఆపేదాన్ని నీటిని ఆపలేనా అనుకుంది. ఎవరికీ చెప్పకుండా మెడ పొడుగునా గుంజలు పాతి, విల్లో చెట్ల బరికెలతో తడిక అల్లి, రాళ్ళు పేర్చింది. ఏటి మెడ మీద అంతకుముందు ఎవరూ చెయ్యి వేసి ఎరగరు.

తడిక నిలిచింది. ప్రోకోపి పోలేదు. బాగుపడనూ లేదు. తోలు పరుపు మీద ఎముకలపోగులా పడి ఉండేవాడు. నొప్పి వస్తే పరుపు అంచు నోట్లో కుక్కుకునేవాడు. తగ్గితే వేళాకోళం.

"చిన్నప్పుడూ నా గుడ్డలు నువ్వే ఉతికావు, ఇప్పుడూ నువ్వే. జీతం పెంచమని అడగవేమే అక్కా?"

"నోర్మూసుకుని చారు తాగు."

జూన్ నెల వరద పొంగు మీదుండగా ప్రోకోపి పెళ్ళాం ఉల్యాన చంటిదాన్ని ఎత్తుకుని గట్టు మీదికి పరుగెత్తుకొచ్చింది.

"వదినా, అనిస్యా పాలు ముట్టడం లేదు. ఒళ్ళు పెనంలా ఉంది."

నిరుటి వేసవిలో పుట్టిన పిల్ల. దాని వంపు తండ్రి వంపుకి కాస్త దిగువనే, ఉయ్యాలంత ఉంటుంది. అగ్రఫేన పడవలో వెళ్ళి చూసింది. పైన తను ఆపిన నీరు పక్కకి తిరిగి పిల్ల వంపు మెడని కొరుకుతోంది. మట్టి ముద్దలు ముద్దలుగా జారుతోంది. అక్కడా గుంజలు పాతబోయింది. కొత్త ఇసుక. పాతినవి పాతినట్టే కొట్టుకుపోయాయి.

తడిబట్టలతోనే వచ్చి తమ్ముడి ముందు నిలబడింది.

"ఎన్ని గుంజలు పాతావే?" అన్నాడు ప్రోకోపి.

"ఏం గుంజలు?"

"వసంతం నుంచీ నీ గోళ్ళలో మట్టి పోలేదు. చావు గుమ్మంలో కూర్చుని ఆవులిస్తోంది. లోపలికి రానివ్వవు, పొమ్మనవు. నాకు తెలీదనుకున్నావా?"

"ఒరేయ్... ఏరు పిల్ల వంపుని కోస్తోందిరా."

ప్రోకోపి తలుపు వైపు గడ్డం ఎగరేశాడు.

"మరింకా ఇక్కడ నిలబడ్డావేం?"

పిల్లని ఎత్తుకుని పక్కనే నిలబడ్డ ఉల్యానకి అర్థమైంది. ఏడవలేదు. పిల్లని అతని పక్కన పడుకోబెట్టి, "నేనూ వస్తాను వదినా," అంది.

"వద్దు. నువ్వు వాడి దగ్గరుండు. కట్టిందాన్ని, నేనే విప్పుతాను."

తీరా లాగబోతే గుంజలు ఊడి రాలేదు. అంత గట్టిగా కట్టింది మరి. తన పనితనాన్ని తనే బూతులు తిట్టుకుంటూ అల్లిక మీద గొడ్డలి వేసింది. రాళ్ళు దొర్లించింది. ముందు వేలంత ధార. తర్వాత చెయ్యంత. ఆపైన ఏరు భుజం పెట్టి తోసుకుని వచ్చేసింది. తడిక, గుంజలు, మెడలో మిగిలిన మట్టి అన్నీ కలిసి కొట్టుకుపోయాయి. ప్రోకోపి వంపులో నీరు కాసేపు గిరగిరా తిరిగి, ఎటు పోవాలో తెలియనట్టు ఆగిపోయింది.

అగ్రఫేన గొడ్డలి కింద పెట్టి గట్టు మీద కూర్చుంది.

ఇంటివైపు నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. ఆకలేడుపు, గొంతు చించుకుని. అగ్రఫేన కదల్లేదు. ఇంకో ఏడుపు కోసం చెవులు రిక్కించి కూర్చుంది.

అదీ వచ్చింది.