భాగ్యమ్మ సెట్టింగులు

"ఈ లాంచర్ పెట్టినోడెవడో గానీ పనీపాటా లేనోడు," అన్నారు మా ఆయన రవికిరణ్, కంప్యూటర్ ముందు కూర్చుని. ఆదివారం పొద్దున్న. నేను వంటింట్లో ఆయనకి మూడో దోసె వేస్తున్నాను. ఆ పనీపాటా లేనిదాన్ని నేనే. దోసె ఎర్రగా కాలాక ప్లేట్లో వేసి తీసుకెళ్లి ఇచ్చాను. తెర మీంచి కళ్లు తిప్పకుండా అందుకుని, "నేరుగా ఆటలోకి రానివ్వచ్చుగా, మధ్యలో ఈ ప్రశ్నలన్నీ దేనికి?" అన్నారు.

పదకొండేళ్ల కాపురంలో, నానక్‌రామ్‌గూడలో నేనేం పని చేస్తానో ఆయన అడిగింది ఒక్కసారే. అదీ ఎవరో చుట్టానికి చెప్పడానికి. కంప్యూటర్‌లో ఆట మొదలయ్యే ముందు ఒక చిన్న విండో వస్తుంది, దాన్నే లాంచర్ అంటారు. అక్షరాలు ఎంత పెద్దవి కావాలి, శబ్దం ఎంత ఉండాలి, ఏ బటన్ నొక్కితే ఏం జరగాలి అని అడుగుతుంది. కింద "ప్లే" అని ఉంటుంది, అది నొక్కితే ఆట. నాలుగేళ్లుగా విదేశీ కంపెనీల ఆటలకి ఆ విండోలు చేసేది మా టీమ్. మా ఆయన ఆడే ఆటకి చేసింది నేను.

లాంచర్లన్నీ నాకూ ఇష్టం కాదు. రోజూ చూసే మొహాన్నే ఏ ఫ్లాటని అడిగే గేటు సెక్యూరిటీలా మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడిగేవి, కొత్త ఆట కొనమని ప్రకటనలు గుప్పించేవి చూస్తే నాకు ఒళ్లుమంట. సెట్టింగుల విండో అలాంటిది కాదు. నీకెలా ఉంటే బావుంటుందని అడుగుతుంది, చెప్పింది వింటుంది, విన్నట్టే మారుతుంది. మా ఆయన అందులో ఎప్పుడూ ఏదీ మార్చలేదు. ఉన్నది ఉన్నట్టే సరిపోయేవాళ్లకి దాంతో ఏం పని?

మా టీమ్ లీడ్ తేజకీ అదే అభిప్రాయం. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. "ఉమాశ్రీ గారూ, నూటికి తొంభైమంది డైరెక్ట్‌గా ప్లే కొడుతున్నారు. కొత్త గేమ్‌లో ఈ విండో తీసేద్దాం. గురువారం ఒక టెస్ట్ పెట్టి రిపోర్ట్ రాసేయండి, క్లయింట్‌కి పంపేద్దాం," అన్నాడు. మిగతా పదిమంది ఎవరని అడగాలనుకున్నాను. "సరే" అన్నాను. సరే అనడం నాకు బాగా అలవాటు.

గురువారం టెస్ట్‌కి రావలసిన మనిషి రాలేదు. ఎప్పుడూ ఆటలాడని వాళ్లెవరైనా కావాలి. ఆఫీసులో టీలు కలిపే పాంట్రీలో కప్పులు కడుగుతున్న భాగ్యమ్మని పిలిచాను. "ఆమెకేం తెలుస్తదండీ?" అని తేజ నవ్వాడు. తెలియనివాళ్లే కదా కావాలి అన్నాను.

భాగ్యమ్మది నానక్‌రామ్‌గూడే. ఈ టవర్లు లేని రోజుల్లో ఖాజాగూడ గుట్టల దగ్గర రాయి కొట్టింది. కుడిచేతి బొటనవేలు అప్పటినుంచీ వంగదు. నాలుగో తరగతి దాకా చదివింది. చేతులు కొంగుకి తుడుచుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"ఏం జెయ్యాలె మేడమ్?"

"మీకెలా తోస్తే అలా. నేనేం చెప్పకూడదు," అన్నాను. టెస్ట్ నియమం అది. జరిగేదంతా వీడియోలో రికార్డవుతుంది.

విండో తెలుగులో ఉంది. ఆ పని కూడా నేనే పట్టుబట్టి చేశాను. పెదాలు కదుపుతూ చదివింది. అక్షరాలు పెద్దవి చేసి, "ఇగో, గిప్పుడు మంచిగ కనవడ్తున్నది," అంది. సంగీతం పూర్తిగా తగ్గించేసింది. పక్షుల శబ్దం చివరిదాకా పెంచింది. "దినమంత మిషిన్ల చప్పుడే మేడమ్. పిట్టలుండనీ." తెర కదలాలా వద్దా అన్న ప్రశ్నకి, "ఊగుడు వద్దు. షేర్ ఆటోల ఊగుడు సాలు," అంది. తర్వాత బటన్ల పేజీ వచ్చింది. కుడిచేతిని ఒకసారి చూసుకుని, ఒక్కొక్క బటన్‌నీ ఎడమచేతి కిందకి తెచ్చుకుంది. ఎవరూ నేర్పలేదు. నాలుగేళ్లలో నేను చేసిన వస్తువు ఏమిటో నాకే అప్పుడు తెలిసింది. యాభై ఏళ్లు దాటిన మనిషి, మొట్టమొదటిసారి ఎవరో నీకేం కావాలని అడిగితే, ఒక్కదానికీ తడుముకోలేదు. ఆమెని చూస్తూ అలాగే నిలబడిపోయాను.

ప్లే మాత్రం నొక్కలేదు. వెనక్కి ఆనుకుని కూర్చుని, "గిట్ల నన్నెవ్వరు అడగలే మేడమ్," అంది. "మరి నీది నువ్వెట్ల వెట్టుకున్నవ్?"

నా విండోలో నేను ఏదీ మార్చుకోలేదు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు పుణ్యవతి గారు, "మా ఇంట్లో కారం తక్కువ తింటామమ్మా," అన్నారు. ఆ రోజు నుంచీ తక్కువే. ఏసీ ఆయనకి సరిపడా, దోసె ఆయనకి నచ్చినంత ఎర్రగా. నాకెలా ఇష్టమో భాగ్యమ్మ అడిగాక వెతుక్కుంటే దొరకలేదు. సిగ్గేసింది.

అప్పుడే తేజ వచ్చి టైమ్ చూశాడు. "నలభై ఒక్క నిమిషాలా! గేమ్ స్టార్టే కాలేదు. సూపర్, మనకి కావలసింది ఇదే. ఫెయిల్ అని రాసేయండి." వంగి "రీసెట్" నొక్కాడు. అక్షరాలు చిన్నవైపోయాయి, సంగీతం మోగింది. అతను ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

"పోయిందా మేడమ్?" అంది భాగ్యమ్మ మెల్లగా.

"పోలేదు," అన్నాను. రీసెట్ నొక్కినా పాత సెట్టింగులు ఒక ఫైల్‌లో మిగిలేలా రెండేళ్ల కిందట నేనే రాసిపెట్టాను. దాన్ని తెరిచాను. పిట్టలు మళ్లీ కూశాయి. ఫైల్‌కి "భాగ్యమ్మ" అని పేరు పెట్టాను.

"కప్పులున్నయ్. రేపొచ్చి ఆడుత. అట్లనే ఉంచు," అని లేచింది.

సాయంత్రం ఇంటికొచ్చి రిపోర్ట్ రాశాను. పాస్ అని రాశాను. ఈ విండో తీసేస్తే భాగ్యమ్మ ఆ ఆట ఆడలేకపోతుందని రాసి, టెస్ట్ వీడియో జతచేసి, తేజకీ క్లయింట్‌కీ ఒకేసారి పంపాను. తర్వాత వెళ్లి మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

"ఉమా, ఆకలేస్తోంది. నా సిస్టమ్‌లో ఏం చేస్తున్నావు?" రవికిరణ్ వెనకనుంచి తొంగి చూశారు. "అదా! అక్కడేం ఉండదు. ప్లే కొట్టెయ్, అంతే."

"ఈ లాంచర్ చేసింది నేనే," అన్నాను. ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. నేను అక్షరాల సైజు దగ్గర మొదలుపెట్టాను. "నాకు టైమ్ పడుతుంది. ఈ పూట వంట మీరు చెయ్యండి. కూరలో కారం బాగా వెయ్యండి, నాకు అలాగే ఇష్టం."