వెనక సీటు సాక్షి

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నడపడం చేతకాక బండిది తప్పంటే ఎలా మేడమ్?" అన్నాడు సర్వీసు మేనేజరు. అని, తన చమత్కారానికి తనే కిసుక్కున నవ్వాడు.

అతను నవ్వితే నవ్వాడు, పరాయివాడు. పక్కనే నిలబడ్డ మొగుడు కూడా నవ్వాడే! నవ్వి ఊరుకున్నాడా? గంగిరెద్దులా తల కూడా ఊపాడు. పెద్దావిడకు అరికాలి మంట నెత్తికెక్కింది అక్కడే.

పెద్దావిడ అంటే ఆ తల ఊపిన మహానుభావుడి కన్నతల్లి. మాట పడ్డ ఆ 'మేడమ్' ఆవిడ కోడలు. కౌంటరుకు ఎదురుగా వేసిన సోఫాలో కూర్చుని పెద్దావిడ అంతా వింటోంది. గాజు గోడకు అవతల, షెడ్డులో, వాళ్ళ ఏడు సీట్ల కొత్త కారు తళతళలాడుతూ, పాపం పుణ్యం ఎరగనట్టు నిలబడి ఉంది. కొని ఐదు నెలలు కాలేదు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయనివ్వలేదు కొడుకు, మాసిపోతాయని.

కోడలు నవ్వలేదు. "నాకు పన్నెండేళ్ళ నుంచి డ్రైవింగ్ వచ్చు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరిచింది, బండి కదల్లేదు. ఎత్తు మీద వెనక్కి జారింది. బండిలో మా పాప ఉంది. అది చెప్తున్నాను మీకు," అంది.

"మేమూ నడిపి చూశాం కదా మేడమ్. కంప్యూటరు పెట్టి కూడా చూశాం. గేర్‌బాక్సు భేషుగ్గా ఉంది. మీరే కంగారులో బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి తొక్కి ఉంటారు. దానికి వారంటీ వర్తించదు." మేనేజరు మొగుడి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "లేడీస్ నడిపే బండ్లకి ఇది మామూలే సార్."

"అవునవును," అన్నాడు మొగుడు.

అవునవునట! వీడి నోరు పడిపోను. సొంత పెళ్ళాన్ని పట్టుకుని పరాయివాడు చేతకానిదంటుంటే, పక్కన నిలబడి తాళం వేస్తాడా? కడుపున చెడబుట్టావురా నాయనా అనుకుంది పెద్దావిడ.

అలాగని కోడలంటే ఆవిడకు ప్రేమ పొంగి పొర్లుతోందనుకునేరు. అదేం లేదు. ఆ ఇంట్లో కూరలో ఉప్పు దగ్గర్నుంచి టీవీ చప్పుడు దాకా అత్తాకోడళ్ళకు పడని సంగతే లేదు. ఒకరు కిటికీ తీస్తే ఒకరు మూస్తారు. కానీ అది ఇంటి గొడవ. నా కోడల్ని తిట్టాలంటే నేను తిట్టాలి, ఇంకొకడెవడు? ఇదీ పెద్దావిడ న్యాయం.

దానికి తోడు ఇంకో సంగతి ఉంది, అది ఆవిడను లోపల్లోపల తినేస్తోంది. ఆ రోజు ఏం జరిగిందో కళ్ళారా చూసిన మనిషి, కోడలు కాక, ఆ గదిలో తనొక్కతే. చూసి కూడా చూడలేదని చెప్పిన మనిషీ తనే.

ఆ రోజు పాపను స్కూలు నుంచి ఎక్కించుకుని కోడలు బండి నడుపుతోంది. వెనక సీట్లో పాప, పాప పక్కన పెద్దావిడ. బయల్దేరేటప్పుడే పేచీ వచ్చింది. పాపకు సీటు బెల్టు పెట్టి, "మీరు కూడా పెట్టుకోండి అత్తయ్యా" అంది కోడలు. "నేనేం చిన్నపిల్లనా" అని ఈవిడ. మాటా మాటా పెరిగింది. పెద్దావిడ మూతి ముడుచుకుని, ఇక నీతో మాట్లాడేదే లేదన్నట్టు కళ్ళు మూసుకుంది. అలకే తప్ప నిద్ర కాదు. ఆవిడకు కార్లో నిద్ర పట్టదు.

మార్కెట్ రోడ్డులో బండ్లు ఇరుక్కుపోయి చాలాసేపు పాకుతూ వచ్చారు. అది దాటి, పెద్దాసుపత్రికి ఎక్కే ఎత్తు రోడ్డు సగం ఎక్కారో లేదో, కింద ఎక్కడో దడేల్మని చప్పుడు. పెద్దావిడ కళ్ళు తెరిచింది. ఇంజన్ గయ్యిమని అరుస్తోంది. బండి ముందుకు పోవడం మానేసి వెనక్కి జారుతోంది. వెనక నీళ్ళ లారీ.

కోడలు అరవలేదు. గట్టిగా బ్రేకు తొక్కింది, హ్యాండ్‌బ్రేక్ లాగింది, అవి పట్టేలోపు ఇంకాస్త జారుతుంటే స్టీరింగు తిప్పి చక్రాన్ని కాలిబాట అంచుకు ఆనించింది. బండి ఆగింది. లారీకీ వీళ్ళకీ మధ్య జానెడు ఎడం లేదు. "ఏం కాలేదు తల్లీ, దిగుదాం" అని పాపతో నెమ్మదిగా అంది. పెద్దావిడ పైప్రాణాలు పైనే పోయాయి గానీ, అంత భయంలోనూ ఒక మాట అనుకుంది. ఇది నా కొడుకు చేతిలో ఉంటే ఈపాటికి ముగ్గురం లారీ కింద ఉండేవాళ్ళం.

అనుకుంది సరే. అన్నదా? అనలేదు. బండి చల్లారాక మళ్ళీ మామూలుగానే నడిచింది, దిక్కుమాలిన బండి. ఇంటికొచ్చాక కొడుకు అడిగాడు. "అమ్మా, నువ్వున్నావుగా, అసలేమైంది? తనేమైనా తప్పు తొక్కిందా?" బయల్దేరేటప్పటి కోపం ఇంకా దిగలేదు ఆవిడకు. "నాకేం తెలుసురా, నేను కునుకు తీస్తున్నా. మీ ఆవిడనే అడుగు," అనేసింది.

ఆ ఒక్క మాటతో కోడలి మాటకు విలువ పోయింది. కొడుకు కారు తాళాలు తన జేబులో వేసుకున్నాడు. "కొన్నాళ్ళు నువ్వు నడపొద్దులే, పాప ప్రాణంతో చెలగాటం వద్దు," అన్నాడు. కోడలు ఫిజియోథెరపిస్టు. మంచం పట్టిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించి వస్తుంది. అప్పట్నుంచి ఆ బరువు సంచీ భుజాన వేసుకుని బస్సులు మారి తిరుగుతోంది. "అమ్మకి డ్రైవింగ్ రాదా నానమ్మా?" అని పాప అడిగిన రోజున పెద్దావిడకు అన్నం సహించలేదు. అయినా నోరు విప్పలేదు. తేలు కుట్టిన దొంగ ఏమని అరుస్తాడు?

ఇప్పుడీ మద్దెల సామెత విన్నాక మాత్రం కూర్చోలేకపోయింది. అలాగని నిజం చెప్పడానికీ నోరు రాలేదు. చెప్తే తన అబద్ధం బయటపడుతుంది, అదీ కోడలి ముందు. ఆ గతి తెచ్చుకునే బదులు ఆ కారు చేతే నిజం చెప్పిస్తే పోలా అనుకుంది. లేచి, గాజు తలుపు తోసుకుని షెడ్డులోకి వెళ్ళి, కారు వెనక తలుపు తీసి ఎక్కి కూర్చుంది.

కాసేపటికి నీలం చొక్కా మెకానిక్ ఒకతను వచ్చి, బండి పక్కకు తీయాలి దిగమన్నాడు. దిగనంది. అతను పోయి మేనేజరును తీసుకొచ్చాడు. వెనకే కొడుకూ కోడలూ.

"అమ్మగారూ, అలా కూర్చోకూడదండీ. సోఫాలో కూర్చోండి, ఏసీ ఉంది," అన్నాడు మేనేజరు.

"నీ ఏసీ నువ్వే ఉంచుకో నాయనా. ఈ బండి బాగుందన్నావు కదా. నన్నెక్కించుకుని నడిపి చూపించు."

"నడిపాం కదమ్మా."

"ఎక్కడ నడిపావు? మీ వాకిట్లో రెండు చుట్లు తిప్పావు. కొత్తల్లుడు అత్తారింట్లో ఎంత బుద్ధిగా ఉంటాడో, ఇదీ నీ దగ్గర అంతే ఉంటుంది. వేడెక్కేదాకా మార్కెట్ రోడ్డులో పాకించు. తర్వాత పెద్దాసుపత్రి ఎత్తు ఎక్కించు. అప్పుడు చెప్పు వెన్నో, సున్నమో."

"అమ్మా, పరువు తీయకు, దిగు," అన్నాడు కొడుకు పళ్ళ బిగువున.

"ఉన్నదేదో ఇందాక తల ఊపి నువ్వే తీశావుగా! ఇంకా మిగిలిందా? ఎక్కు ముందు సీట్లో. అమ్మాయ్, నువ్వు నా పక్కన ఎక్కు."

ఇద్దరు ముగ్గురు కస్టమర్లు చోద్యం చూడటానికి చేరారు. ఎవరో ఫోను కూడా తీశారు. మేనేజరు మొహం జేవురించింది. మెకానిక్‌ను పిలవబోతే పెద్దావిడ ఒప్పుకోలేదు. "అతను కాదు. సామెతలు చెప్పింది నువ్వు, నువ్వే నడపాలి." ఆ మొండితనం ముందు ఎవరి ఆటలు సాగుతాయి? చచ్చినట్టు స్టీరింగు ముందు కూర్చున్నాడు.

మార్కెట్ రోడ్డులో బండి పాకినంతసేపూ మేనేజరు మాత్రం మధ్యమధ్యలో, "చూశారా, స్మూత్‌గా వెళ్తోంది," అంటూ ఉన్నాడు. కొడుకు ఊఁ కొడుతున్నాడు. పెద్దావిడ భయం వేరు. ఈ మాయదారి బండి ఇవాళే బుద్ధిగా ఉండిందంటే తన కోడలు ఇక జన్మలో స్టీరింగు ముట్టదు. నాశనమైపోవే, ఇప్పుడు చెడవే, చెడవే అని బండిని మనసులో తిడుతూ కూర్చుంది.

ఎత్తు మొదలైంది. సగం ఎక్కింది. దడేల్మంది.

ఇంజన్ గయ్యిమంది. మేనేజరు ఇంకా గట్టిగా యాక్సిలరేటర్ తొక్కాడు. బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక నుంచి హారన్లు. "అయ్యో, ఏంటిది, ఏంటిది," అంటాడే తప్ప కాలు తీయడు. కొడుకు డాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకుని "ఆపండి సార్, ఆపండి!" అని కేకలు.

"యాక్సిలరేటర్ వదలండి!" వెనక నుంచి కోడలు గొంతు వినిపించింది. "బ్రేక్! గట్టిగా. హ్యాండ్‌బ్రేక్ లాగండి. స్టీరింగ్ తిప్పండి, చక్రం కాలిబాటకి ఆనాలి. ఇంకా తిప్పండి. ఆఁ, చాలు."

బండి ఆగింది. మేనేజరు మెడ మీద చెమట ధార కట్టింది. టై వదులు చేసుకోబోయి ముడి ఇంకా బిగించుకున్నాడు.

"ఏం నాయనా," అంది పెద్దావిడ. "ఇప్పుడు ఆడుతున్నది నువ్వేగా? ఓడు మద్దెలదా, నీదా?"

అతను ఫోను తీసి షెడ్డుకు కలిపాడు.

బండిని లాగే లారీ వచ్చి కారును షెడ్డుకు చేర్చేసరికి మేనేజరు తీరే మారిపోయింది. మేడమ్ అనే పిలుపులోని వెటకారం ఎటుపోయిందో పోయింది. గేర్‌బాక్సులోనే లోపం ఉంది, వారంటీ కింద కొత్తది వేస్తాం, అంతవరకూ వేరే కారు ఇస్తాం అన్నాడు. కౌంటరు మీద ఆ కారు తాళాలు పెట్టాడు. క్షమించమని మాత్రం అనలేదు. పెద్దమనుషులకు అది గొంతు దాటదు.

కొడుకు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. తాళాలు తనే తీసుకున్నాడు. పెద్దావిడా ఊపిరి పీల్చుకుంది. బండే చెప్పేసింది, ఇక తను చెప్పే పనిలేదు, గండం గడిచింది అనుకుంది.

"అయితే ఆ రోజు నాది తప్పు కాదని ఇప్పటికైనా ఒప్పుకుంటారా?" అంది కోడలు మొగుడితో.

"ఇంకా అదేనా?" అన్నాడు కొడుకు. "వాళ్ళు మారుస్తామంటున్నారుగా, వదిలెయ్. గేర్‌బాక్సు పోయిందంటే పోయింది. అయినా ఆ టైములో నువ్వూ కంగారుపడే ఉంటావు, ఏదో ఒకటి తొక్కే ఉంటావు. చూసినవాళ్ళెవరు?"

కోడలు తల తిప్పి అత్తగారి వైపు కూడా చూడలేదు. చూసి ఉంటే పెద్దావిడ మొహం చాటేసేదేమో. చూడలేదు కాబట్టే ఇక నిలవలేకపోయింది.

"నేను చూశాన్రా!" అంది. ఆ గొంతుకు కౌంటరు వెనక కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళు కూడా తలెత్తారు. "మొదట్నుంచీ చివరిదాకా చూశాను. ఇందాక ఈయనకి ఏమేం చెప్పిందో, ఆ రోజు తను అదే చేసింది. ఒక్కటి తప్పు తొక్కలేదు. ఈవేళ నీ కూతురు బతికుందంటే తన వల్ల. నేను బతికున్నానంటే తన వల్ల."

"నిద్రపోయానన్నావుగా?"

"అబద్ధం చెప్పాను! నాకు కోపమొచ్చి అబద్ధం చెప్పాను. నువ్వు మాత్రం? ఇన్నేళ్ళు కాపురం చేసి, దాని మాట నమ్మడానికి నీకు సాక్ష్యం కావాల్సొచ్చిందా?"

కొడుకు మొహం మాడిపోయింది. మేనేజరు ఏదో కాగితం వెతుక్కుంటున్నట్టు తల దించేశాడు. పెద్దావిడ కోడలి వైపు తిరిగింది. తెల్లబోతుందేమో, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమో, కనీసం మండిపడుతుందేమో అనుకుంది. కోడలు అవేవీ చేయలేదు.

"నాకు తెలుసు అత్తయ్యా," అంది.

"ఏం తెలుసు?"

"మీరు మెలకువగా ఉన్నారని. బండి ఆగగానే మీరిద్దరూ ఎలా ఉన్నారోనని అద్దంలో చూశాను. మీ కళ్ళు ఇంతింత తెరుచుకుని ఉన్నాయి."

పెద్దావిడ, "తెలిసీ నన్ను నిలదీయలేదేం మరి?" అంది.

"ఆయన మిమ్మల్ని అడిగినప్పుడు నేను వంటింట్లోనే ఉన్నాను. మీరు చెప్పింది విన్నాను. ఇంకేం అడగాలి?"

పెద్దావిడ జీవితంలో మొదటిసారి ఆ కోడలి మాటకు ఎదురు మాట వెతుక్కుంది. "అడిగినా చెప్పేదాన్ని కాదు," అంది చివరికి. అది నిజం.

తిడుతుందేమోనని చూసింది. తిడితే ఎంత బాగుండు, తిరిగి తిట్టవచ్చు. కోడలు తిట్టలేదు. సంచీ భుజాన వేసుకుని, మొగుడి ముందు చెయ్యి చాచింది.

"తాళాలివ్వండి."

అతను ఇవ్వకుండా, అలవాటు కొద్దీ తల్లి మొహంలోకి చూశాడు.

"నా మొహం చూస్తావేంరా! ఇచ్చెయ్," అని కసిరింది పెద్దావిడ.

తాళాలు అందుకుని కోడలు తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఒక్కరి కోసం కూడా వెనక్కి తిరిగి చూడలేదు.