రెండు చేతులతో ఎత్తవలసిన బొమ్మ

"రెండు చేతులతో ఎత్తు. కడుపుతో ఉన్న మనిషి," అన్నాడు దొర, బీరువాలోని మట్టిబొమ్మను నేను తుడుస్తుంటే. మా కూలీల భాషల్లో ఆయనకు వచ్చింది అరవమే. అది నాకూ అర్థమవుతుంది. ఈ తోటకు రాకముందు మెక్సికో రబ్బరు తోటల్లో ఉన్నప్పుడు ఆయనకు తవ్వకాల్లో దొరికిందట. వేల ఏళ్ల నాటిది. పొట్టకు ఎర్రరంగు. పిల్లల కోసం అక్కడి ఆడవాళ్లు మొక్కేవారట.

నాకు ఒళ్లు మండింది. ఇదే దొర తోటలో, ఏడో నెలలో, నా రెండు చేతులకూ రెండు రబ్బరుపాల బాల్దీలు ఇచ్చారు. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండు కడుపులూ చెట్ల మధ్యే పోయాయి. ఇక మోయలేనని బంగళా ఊడ్చే పనిలో వేశారు. ఇంట్లో మాత్రం నేను గొడ్రాలిని. బొమ్మ సంగతి చెప్పడం నాదే బుద్ధితక్కువ. "మట్టిదానికున్నపాటి కడుపు నీకు నేదేటే, నూకీ?" అంది మా అత్త ఎర్రమ్మ. ఆదివారం దొర క్లబ్బుకు వెళ్లగానే, తోటలో మండోరుగా కూలీల మీద పెత్తనం చేసే మా ఆయన, బొమ్మను ఇంటికి ఎత్తుకొచ్చాడు. అత్త దానికి అమ్మవారికి చేసినట్టే పసుపు రాసి నీళ్లు పోసింది. వేల ఏళ్లు నిలిచిన రంగు చిటికెలో పళ్లెంలోకి దిగిపోయింది.

"నువ్వే సేసినావని సెప్పీ," అన్నాడు మా ఆయన. "బిడ్డల యావలో సేసిందని దొర ఒగ్గేస్తాడు. నా పని పోతే ఏటి తింటాం?"

"ఒగ్గడు. మళ్లీ బాల్దీలకి తోలుతాడు," అన్నాను.

"తోలితే ఏటి? మొయ్యి," అంది అత్త. "నీ కడుపులో ఏటున్నాదని?"

నాకు మూడో నెల. ఎవరికీ చెప్పలేదు. వెనకటి రెండుసార్లూ చెప్పాను. "అందరాడోళ్లూ మోస్తన్నారు, నీకేటి?" అని నా చేతికి బాల్దీలు అందించిన మండోరు మా ఆయనే.

దొర తిరిగొచ్చేలోపే మా ఆయన బొమ్మను బీరువాలో పెట్టేశాడు. తెల్లారి కూలీలంతా వరసకట్టారు. వెలిసిపోయిన బొమ్మను పట్టుకుని, ఎవరు తీశారని దొర అరిచాడు. "యారు?"

మా ఆయన దగ్గి నా వైపు చూశాడు. అందరూ చూశారు.

మావాళ్లలో పెళ్లాం మొగుడి పేరు పలకదు. తోట రిజిస్టరులో రాయడానికి అడిగినా పక్కవాళ్లే చెబుతారు. ఒక అడుగు ముందుకు వేశాను. ఏడేళ్ల కాపురంలో ఎన్నడూ నా నోట రాని పేరును వరస చివరిదాకా వినిపించేలా పలికాను.

"అప్పన్న."