నుదుటి వెనక గొంతు

పడిశం పది రోగాల పెట్టు అంటారు. బుడబుంగకు అది పదకొండోది కూడా తెచ్చిపెట్టింది.

బుడబుంగ అంటే ఇక్కడ మునిగి ఎక్కడో తేలే నీటిపిట్ట. అతనికి ఆ పేరు పనిని బట్టి వచ్చింది. వీపున గాలిసీసా ఉండదు. ఒక్క ఊపిరి బిగబట్టి సముద్రం అడుక్కి దిగుతాడు, ఆల్చిప్పలు ఏరి సంచిలో వేసుకుని పైకొస్తాడు. ఆ చిప్పలు వీధి చివరి గుండీల కార్ఖానాకు పోతాయి. అక్కడ వాటిని కోసి, సానబట్టి, చొక్కా గుండీలు చేస్తారు. సానరాయి నుంచి లేచిన తెల్లపొడి వీధంతా పరుచుకుంటుంది. కిటికీ ఊచల మీద, ఆరేసిన బట్టల మీద, మనుషుల ముక్కుల్లో అదే పొడి. ఆ వీధిలో దగ్గనివాడు లేడు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు నెల తిరక్కుండా నేర్చుకుంటారు.

మునిగేవాడికి పడవలో తాడు పట్టే మనిషి ఒకరుండాలి. బుడబుంగకు తాడు పట్టేది అతని అత్త, పెళ్ళాం తల్లి. ఒకప్పుడు ఆవిడా మునిగినదే. చెవులు రెండూ సగం పాడయ్యాక పడవలో కూర్చుంది. ముందు కూతురికి పట్టింది. కూతురు పోయాక అల్లుడికి పడుతోంది. కార్ఖానా మేడ మీద రెండు గదుల్లో ఇద్దరూ ఉంటారు. అవసరానికి మించి మాట పెగలదు.

కూతురు పోయి ఏడాది. మనిషి దొరకలేదు. తాడు మాత్రం పైకొచ్చింది, నడుముకు కట్టుకునే ఉచ్చు ఖాళీగా. తాడు తెగలేదు. ముడి విప్పుకున్నట్టుంది. ఎందుకు విప్పుకుంది? ఆ ప్రశ్న బుడబుంగ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేడు, కక్కలేడు.

ఆ పనివాళ్ళకు తాతలనాటి పద్ధతి ఒకటుంది. పొద్దున పని మొదలెట్టేముందు తాడు పట్టే మనిషి మునిగేవాడి ముక్కు కింద చిన్న అద్దం ముక్క పెడుతుంది. ఊపిరి వదిలితే అద్దం మీద రెండు ఆవిరి మచ్చలు పడాలి. రెండూ సమానంగా ఉంటే దిగొచ్చు. ఒకటి చిన్నదైతే ముక్కు మూసుకున్నట్టు లెక్క. ఆ రోజుకి పడవ వెనక్కి తిప్పాల్సిందే. ముక్కు మూసుకున్నవాడు నీళ్ళలో దిగితే తల పగులుతుంది.

కూతురు దిగిన రోజున రెండు మచ్చలూ సమానంగా పడ్డాయని అత్త చెప్పింది. అబద్ధమని బుడబుంగ పదిమందిలో అన్నాడు. వారం నుంచి తుమ్ముతున్న మనిషికి రెండు మచ్చలెలా పడతాయి? వీధి కూడా అతని మాటే నమ్మింది. కన్నకూతురి ముక్కు చూసుకోలేని తల్లి అని అత్త మొహం మీదే చెప్పింది.

తర్వాత కొన్నాళ్ళకు పెళ్ళాం తలపిన్నుల డబ్బాలో చిన్న సీసా దొరికింది. ముక్కులో వేసుకునే చుక్కల మందు. రెండు చుక్కలు వేస్తే మూసుకున్న ముక్కు కాసేపు తెరుచుకుంటుంది. తర్వాత అంతకంత మూసుకుంటుంది. అద్దం పెట్టేది పొద్దున ఒక్కసారే. ఎండెక్కాక ఎవరూ చూడరు. అత్త చెప్పింది నిజమేనని బుడబుంగకు అప్పుడు అర్థమైంది. అయినా ఎవరికీ చెప్పలేదు. ఆ నింద ఆవిడే మోయనీ అనుకున్నాడు. ఎవరో ఒకరు మొయ్యాలి కదా.

అతనికి మొదటిసారి వినపడింది వానలు మొదలైనప్పుడు. అద్దానికి అందనంత చిన్న జలుబు. అడుగున చిప్ప పెరుకుతుంటే కనుబొమల వెనక సన్నగా ఏదో కూసింది. ఈల అనుకున్నాడు. పైకి లేవబోతుంటే అది మాటైంది.

"ఇదిగో, నిన్నే."

పెళ్ళాం పిలుపు అది. పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు. వంటగదిలోంచైనా, వీధి అవతలినుంచైనా అదే పిలుపు. నీళ్ళలో చెవితో విన్నట్టు లేదు. ఎముక లోపల ఎవరో కూర్చుని పిలిచినట్టుంది.

నాలుగు రోజుల్లో జలుబు తగ్గింది. మళ్ళీ దిగాడు. ఏమీ లేదు. సముద్రం మూగదైపోయింది.

అప్పట్నుంచి జలుబు కోసం తిరగడం మొదలెట్టాడు. తడిచొక్కాతో పడుకున్నాడు. కార్ఖానాలో సానరాళ్ళ గదికెళ్ళి పొడిలో నిలబడ్డాడు.

"ఏం బావా, ముక్కుకి గుండీలు కుట్టించుకుంటావా?" అన్నాడు సానపట్టేవాడు.

"నీ నోటికి కుట్టించు ముందు," అన్నాడు బుడబుంగ.

పట్టాల్సింది పట్టింది. ముక్కు బిగిసింది, నుదురు బరువెక్కింది, జ్వరం కూడా వచ్చింది. అత్త అతన్ని ముక్కు డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"ఇవి చూడవయ్యా. కనుబొమల వెనక, బుగ్గల వెనక ఖాళీ గదులు. అందరికీ ఉంటాయి. నీవి వాచి, చీముపట్టి, తలుపులు మూసుకున్నాయి. ఈ స్థితిలో మునిగితే దిగేటప్పుడు నొప్పి ఒకటి, ఎక్కేటప్పుడు ఇంకొకటి. ఎక్కేటప్పటిదే చెడ్డది. పైకొచ్చేకొద్దీ లోపలి గాలి ఉబ్బుతుంది. బయటికి పోడానికి దారి ఉండదు. మందులు వాడు. తగ్గేదాకా నీళ్ళ మొహం చూడకు."

"గొంతు వినపడుతుందా డాక్టరుగారూ?"

"ఎవరి గొంతు?"

"ఎవరిదైనా."

"సన్న సందులోంచి గాలి దూరితే ఈల వస్తుంది. మా ఇంట్లో కుక్కరూ కూస్తుంది. అది నన్ను పిలుస్తోందని నేను లేచి వెళ్ళను." డాక్టరు తన మాటకు తనే నవ్వాడు. అత్త నవ్వలేదు. ఆవిడకు అల్లుడి ప్రశ్న వినపడింది.

ఇంటి మెట్ల మీద ఆగింది. ఏడాదిలో మొదటిసారి తనంత తానుగా మాట్లాడింది.

"ఏమంటోంది?"

అతను దాటుకుని మెట్టెక్కబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు మా అమ్మ గొంతు వినపడేది. మా అమ్మకి వాళ్ళ నాన్నది. ఎవరి జలుబుకి వాళ్ళ చచ్చినవాళ్ళు. అద్దం ఎందుకు పెట్టారనుకున్నావ్ పెద్దవాళ్ళు, ఒక్క తలనొప్పికా?"

"పెళ్ళాం గొంతు నాకు తెలీదా అత్తా?"

"గొంతు దానిదే. మాట దానిది కాదు. నా కూతురి గొంతు నేర్చుకున్నదేదో ఉందక్కడ. దానికి బదులు పలక్కు."

"చెవిటిదానివి. గొంతుల సంగతి నీకేం తెలుసు?"

"విన్నాను కాబట్టే చెవులు పోయాయి," అని మెట్లెక్కింది.

అతను మందులు కిటికీలోంచి పారేశాడు. ఒక్కసారి చాలు. మాట పూర్తయ్యేదాకా విని, ముడి ఎందుకు విప్పుకున్నావని అడగాలి. ప్రాణం మీదికొస్తుందని తెలుసు. ఊపిరుంటే ఉప్పమ్ముకు బతకొచ్చంటారు. ఆ ఏడాది అతను ఉప్పమ్ముకున్నట్టే బతికాడు. ఇంకో ఏడాది అలా గడిపే ఓపిక లేదు.

జ్వరం దిగిన రోజు పొద్దున పెళ్ళాం సీసాలోని చుక్కలు రెండు ముక్కుల్లోనూ వేసుకున్నాడు. సీసా చొక్కా జేబులో పెట్టుకుని పడవెక్కాడు. అత్త అద్దం పెట్టింది. రెండు మచ్చలు, నాణేల్లా గుండ్రంగా పడ్డాయి. ఆవిడ అవి ఆరిపోయేదాకా చూసింది.

"తగ్గిందా?"

"అద్దం నీ చేతిలోనే ఉంది కదా."

చొక్కా విప్పి పడవ మూలన పడేశాడు. ఉచ్చు నడుముకు బిగించి, బరువురాయి పట్టుకుని దిగాడు. మొదటి మునకలో ఏమీ లేదు. రెండోదానిలోనూ లేదు. చిప్పలు మామూలుగానే దొరికాయి. ఎండెక్కింది. పడవ అంచు పట్టుకుని ఊపిరి తీసుకుంటుంటే ఒక ముక్కు బిగుసుకోవడం తెలిసింది. అత్తకు మొహం చూపించకుండా, నిండుగా గాలి పీల్చి మళ్ళీ మునిగాడు.

అడుగు తాకాడు. సంచి విప్పలేదు. రాయి వదిలేసి ఇసుక మీద మోకరిల్లాడు. నీళ్ళు ఆకుపచ్చగా, కదలకుండా ఉన్నాయి. చుట్టూ ఒక్క చేప లేదు.

"ఇదిగో, నిన్నే."

వచ్చావా అనుకున్నాడు. నోరు తెరిచే వీలు లేదు. మనసులోనే అడిగాడు. ముడి ఎందుకు విప్పుకున్నావే?

ఊపిరి తరుగుతోంది. పైకి ఒక బారెడు లేచాడు. కనుబొమల మధ్యలో మేకు దిగింది. లోపలినుంచి బయటికి దిగింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. తట్టుకోలేక కిందికి జారాడు. జారగానే నొప్పి పోయింది. జ్వరంలో తడిగుడ్డ వేసినట్టు నుదురు చల్లబడింది. మళ్ళీ లేచాడు. మళ్ళీ మేకు. మళ్ళీ జారాడు. పైనంతా నొప్పి. కిందంతా సుఖం.

"అక్కడికెందుకు పోతావు?" అంది గొంతు. జాలిగా అంది. పెళ్ళాం అంత జాలిగా ఏనాడూ మాట్లాడలేదు. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, పోయినవాళ్ళ గొంతు తీయనవుతుంది కాబోలు. "ముడి విప్పు. నొప్పి పోతుంది."

అతను అడిగినదానికి అదే జవాబు. ఆమెకూ ఎవరో ఇలాగే చెప్పి ఉంటారు. అర్థమైంది. అర్థమైనా వేళ్ళు ముడి మీదికి పోయాయి. ఒక పేట వదులైంది కూడా.

అప్పుడు తాడు బిగిసింది. అతను సైగ ఇవ్వలేదు. పైనుంచి ఎవరో పగబట్టినట్టు లాగుతున్నారు. మేకు గునపమైంది. తన్నుకున్నాడు, తాడును రెండు చేతులా కిందికి లాగాడు. పై మనిషి వదల్లేదు. సగం దారిలో నుదుటి లోపల కోడిగుడ్డు చిట్లినట్టయింది. ముక్కులోంచి వెచ్చగా ఏదో బయటికి పొంగింది. గొంతు మాట మధ్యలో ఆగిపోయింది.

పడవలో పడ్డాక చాలాసేపు దగ్గాడు. రొమ్మంతా నెత్తురు, చీము. అత్త పక్కన కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్ళో అతని చొక్కా, చొక్కా మీద సీసా.

"నువ్వు మునిగాక, పొడి పోవాలని దులిపితే పడింది," అంది. "మూతకి దారం చుట్టిన ఈ తీరు నా కూతురిది. నీకెప్పట్నుంచి తెలుసు?"

అతను సీసా కోసం చెయ్యి చాపాడు. ఆవిడ పక్కకి జరిపింది.

"తెలిసీ నన్ను హంతకురాలిని చేశావు. నా చేతి కూడు తింటూ."

"అది నాతో మాట్లాడుతుంటే లాగేశావు అత్తా," అన్నాడు నెత్తురు ఉమ్మి. "ఇంక మాట్లాడదు. లోపల చచ్చిపోయింది. రెండోసారి చంపావు."

"చంపాను."

తెడ్డు అందుకోబోయి ఆగింది. అప్పుడు చూశాడు ఆవిడ అరచేతులు. తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి. తాడంతా నెత్తురు. ఏళ్ళ తరబడి తాడు లాగి కాయలు కాచిన చేతులు అవి. తనేమో జ్వరంతో చిక్కి కట్టెపుల్లలా ఉన్నాడు.

"ఇంత బరువున్నానా నేను?" అన్నాడు.

ఆవిడ చేతులు నీళ్ళలో ముంచింది. ఉప్పు మండినా మొహం చిట్లించలేదు.

"సగం దారి దాకా ఇద్దరి బరువుంది. ఆ తర్వాత ఒక్కరిదే."

పడవ కింద నీళ్ళు టపటపమన్నాయి. అతను అంచునుంచి లోపలికి జరిగాడు.

"ఆపి చూడలేదేం?"

"ఆపితే తాడుకి మిగిలేదెవరో నాకేం తెలుసు? తల తేలేదాకా కళ్ళు మూసుకునే లాగాను."

ఎవరి తల తేలాలని లాగావని అతను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. చొక్కాను రెండుగా చింపి చేతులకు చుట్టుకుని, తెడ్డు వేసి, అతని వైపు వీపు పెట్టి ఒడ్డుకు నడిపింది.