హాల్లో పట్టని రెక్క

"నా మంచం జరగదు," అని అత్తయ్య మళ్ళీ అన్నారు.

"మంచం జరగకపోతే రెక్క పట్టదమ్మా." కొలత టేపు మెడలో వేసుకుని మా ఆయన కూడా మళ్ళీ అదే అన్నారు.

"పట్టకపోతే సముద్రంలో పారెయ్. నీ పెళ్ళికే జరగలేదు నా మంచం."

పొద్దుటినుంచీ ఇదే వరస. మా ఆయన పనిచేసేది సముద్రపు ఒడ్డున పాత విమానాలను కాపాడి జనానికి చూపించే చోట. తుఫాను వస్తోందని కబురందగానే రేకు విమానాలన్నీ షెడ్డులోకి వెళ్ళిపోయాయి. అన్నిటికన్నా పాతదైన గుడ్డ రెక్కల విమానాన్ని మాత్రం విప్పదీయాల్సి వచ్చింది. దాని ఒళ్ళూ, ఒక రెక్కా ఎలాగో షెడ్డులో ఇరికాయి. రెండో రెక్క మా వాకిట్లో కుర్చీల మీద పడుకుని ఉంది. హాల్లోంచి అత్తయ్య గదిలోకి ఏటవాలుగా పెడితే తప్ప అది ఇంట్లో పట్టదు.

"టార్పాలిన్ కప్పి అక్కడే కట్టేయమన్నారుగా మీ మేనేజరు," అన్నాను.

"కప్పితే ఉప్పు తడి లోపలే కూర్చుంటుందే. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఇనుమంతా తినేస్తుంది. గాలికి కొట్టుకుని ఆ టార్పాలినే గుడ్డని చీరేస్తుంది. రెండేళ్ళు కుట్టాను ఆ గుడ్డ."

ఆ రెండేళ్ళలో మా ఇంట్లో ఒక్క దిండు గలీబుకీ కుట్టు పడలేదు.

అత్తయ్య విసవిసా తలస్నానానికి వెళ్ళిపోయారు. ఈయన గొట్టం పట్టుకుని రెక్కని మంచినీళ్ళతో కడగడం మొదలుపెట్టారు. ఉప్పు పోకుండా లోపల పెడితే పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటేనట. కాసేపటికి తలనిండా నురగతో, భుజాన తువ్వాలుతో అత్తయ్య వాకిట్లో ప్రత్యక్షమయ్యారు.

"నా నీళ్ళెవర్రా తాగింది?"

మా అమ్మాయి రెక్క వైపు చూపించింది. ట్యాంకు ఖాళీ. కరెంటు లేదు, మోటారు తిరగదు.

మా ఆయన తల దించుకునే, రెక్కని వేలితో రాసి ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నారు. "ఉప్పు పోయింది."

"అదేం పనిరా, అసహ్యంగా."

"అలాగే చూస్తాం అక్కడ. నాలికని మించిన మిషను లేదు."

డాక్టరు ఉప్పు మాన్పించినప్పటినుంచీ నా కూరలను శిక్షలా తింటున్న అత్తయ్య ఒక్క క్షణం ఆలోచించారు. రెక్క మొదట్లో, ఇనప బిగింపు దగ్గర వేలు పెట్టి, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఇక్కడుంది."

ఆయనా రుచి చూశారు. "ఏం లేదమ్మా."

"నీకేం తెలుస్తుంది, మూడు పూటలా ఉప్పు తినే నోరు."

సన్న బ్రష్షు లోపలికి పోనిచ్చి తీస్తే తెల్లటి ఉప్పు పెచ్చు ఊడి వచ్చింది. మా ఆయన మొహం పాలిపోయింది.

ఇంట్లో మిగిలింది ఒక్క బకెట్టు నీళ్ళు. అందరం అత్తయ్య తలకేసి చూశాం.

"ముందు దానికి పొయ్యండి," అన్నారావిడ.

"మరి మీ తల?" అన్నాను.

"వాన వస్తోందిగా."

చెంబుతో ఆయన పోస్తుంటే, ఆవిడ వెనకాలే వేలితో రాసి చూస్తూ నడిచారు. ఇక్కడ కొంచెం, ఇక్కడ ఇంకాస్త.

"అక్కడ ఇందాకే చూశావు నాన్నమ్మా," అంది మా అమ్మాయి.

"మళ్ళీ చూస్తే తప్పా?"

నేనూ, మా అమ్మాయీ పొడిగుడ్డలతో తుడుస్తుండగానే గాలి మారింది. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. రెక్కకి తలో పక్కా చెయ్యి వేశాం కానీ, ఎటు తిరగాలో తెలియక గుమ్మంలోనే ఆగిపోయాం. మా ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు.

అత్తయ్య నురగ కళ్ళలో పడకుండా తువ్వాలుతో తుడుచుకున్నారు.

"నా మంచం వంటింట్లో వెయ్యండి," అన్నారు మెల్లగా. "నేను రుచి చూసి సరే అనేదాకా ఆ రెక్క నా గదిలోనే ఉంటుంది."