మేనమామ చొక్కా

బాతు బొమ్మ కనిపించగానే కల్పన ముఖం వెలిగింది. చొక్కా మడత పూర్తిగా విప్పేసరికి ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది.

"వదినె, దీనికి గుండీలేవి?"

"గుండీలుండవు కల్పనా. తల మీద నుంచి వేసేయడమే. మెడ ఎంత సాగుతుందో చూడు," అని హరిణి మురిసిపోతూ సాగదీసి చూపించింది.

"సాగుతది వదినె. గని గుండు జేసినంక తలకు గంధం పూస్తరు గద. కత్తి గాట్లు గూడ వడ్తయి. పచ్చి తల మీదికెల్లి దీన్ని ఎట్ల గుంజుదుము?"

హరిణి చేతిలో సాగిన మెడ టప్పున మూసుకుంది.

నాచారంలో ఎల్లమ్మ గుడి వెనక రేకుల షెడ్డు కింద ఆ ఆదివారం ముగ్గురు పిల్లలకు పుట్టు వెంట్రుకలు తీస్తున్నారు. కల్పన కొడుకు సన్నీ వంతు మూడోది. వాడికి మూడో ఏడు నడుస్తోంది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి వెంట్రుకలు తీయించాలి. స్నానం చేయించాక ఒంటి మీద పడే మొదటి బట్ట మేనమామ తెచ్చిందే అయి ఉండాలి. ఆ మేనమామ వీరేందర్. అతని పెళ్ళాం హరిణి, పెళ్ళై నలభై రెండు రోజులే.

అమ్మానాన్నలు లేని కల్పనకు పుట్టిల్లంటే ఉప్పల్లో ఉన్న ఈ అన్న ఒక్కడే. సన్నీని తొట్లో వేసిన రోజున, అప్పటికి పెళ్ళికాని అన్న ఎంతో ప్రేమగా ఒక జత తెచ్చాడు. అది వాడి మోచేతులు దాటి పైకి ఎక్కలేదు. "పుట్టింటోళ్ళ బట్ట బొమ్మకు తొడిగి గూట్ల పెట్టుకో," అంది కల్పన అత్తగారు ముత్తమ్మ, నలుగురిలో. రెండేళ్ళుగా ఏ శుభకార్యం జరిగినా ఆ మాట ఒక్కసారైనా బయటికి వస్తుంది. ఈసారి కల్పన కూడా నలుగురిలోనే అనేసింది. "మా వదినె తెస్తది సూడుండ్రి. ఎంత మంచిగ తెస్తదో!"

ఆ మాట విన్నప్పటి నుంచి హరిణి కాలు నేల మీద లేదు. నిన్న సాయంత్రం ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా మొగుడితో కలిసి ఎన్ని కొట్లు ఎక్కి దిగిందో! ఒక పెద్ద షోరూములో అరచేతి వెడల్పు చొక్కాకు పంతొమ్మిది వందలంటే, "గిది పిల్లగాడికా, వాని ఫొటోకా?" అని వీరేందర్ చెవిలో అడిగాడు. ఇద్దరూ నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తారు. చివరికి మెట్రో స్తంభం పక్కన ఒక చిన్న కొట్లో ఈ పసుపు జత దొరికింది. చొక్కా మీద బాతు, నిక్కరు జేబు మీద బాతుపిల్ల. ధర నాలుగు వందల యాభై. ఆ జేబులో తన బొటనవేలు మాత్రమే పట్టిందని హరిణి ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉంది. గుండు గురించి మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అప్పుడే గుండు గీసిన పిల్లాడికి బట్టలు తొడిగిన అనుభవం ఎవరికుంది గనుక?

"ఏంది, వదినె మరదండ్ల గుసగుసలు?" అంటూ ముత్తమ్మ దగ్గరికొచ్చింది. కల్పన చటుక్కున చొక్కాను కొంగు కింద దాచేసింది. ముత్తమ్మ చేతిలో ఒక సంచీ ఉంది. "నేనైతే ఒక జత తెచ్చి పెట్టిన బిడ్డా. మీదెట్లన్న ఉండనీ. ఎందుకన్న మంచిది."

ఆవిడ నవ్వుతూనే అంది. కల్పన మాత్రం తల వంచుకుంది. ఆ వంగిన తల చూశాక హరిణికి నిలబడబుద్ధి కాలేదు.

వీరేందర్ పంచె కట్టుకుని పీట దగ్గర సిద్ధంగా ఉన్నాడు. అతను కదలడానికి లేదు. వెంట్రుకలు తీసే పెంటయ్య మొదటి పిల్లాడి తల తడుపుతున్నాడు.

"ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతుంది తాతా?"

"పోరడు ఏడ్వకుంటె పది నిమిషాలు. ఏడిస్తె పదిహేను."

అప్పుడే ఆ పిల్లాడు కెవ్వుమన్నాడు. ముందున్న ఇద్దరికి అరగంట, సన్నీకి ఇంకో పావుగంట. హరిణి వీరేందర్ జేబులోంచి స్కూటీ తాళం లాక్కుని, పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపింది.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు బట్టల కొట్టు తెరిచే మారాజు ఎక్కడుంటాడు? మెయిన్ రోడ్డు పొడుగునా షట్టర్లే. ఒక మాల్ ముందు కాపలా అతను, "పదకొండుకు మేడమ్," అన్నాడు వాచీ చూడకుండానే. ఇంకో కొట్టుకు అద్దం వెనక ఇనుప జాలీ. ఆ జాలీ వెనక ఒక బొమ్మ పిల్లాడు ముందు గుండీలున్న తెల్ల చొక్కా వేసుకుని చేతులు చాపి నిలబడ్డాడు. హరిణి జాలీ పట్టుకుని వాడిని చూసింది. అంత దగ్గరగా ఉన్న చొక్కా అంత దూరం కావడం ఆమెకు ఏడుపు తెప్పించింది. అప్పటికే పన్నెండు నిమిషాలు అయిపోయాయి.

పక్కనే ఇడ్లీ బండి. పొట్లం కడుతున్న ఆమెను అడిగేసింది. "అక్కా, ఇక్కడ పిల్లల చొక్కాలు ఇప్పుడెక్కడ దొరుకుతాయి?"

"చిన్న పోరల అంగీలా? ఉప్పలమ్మ తాన్కి పో. గా నీలి రేకుల గేటు గల్లీల. దుకాణపోళ్ళే ఆమె తాన కొనుక్కపోతరు."

నీలి గేటు వెనక ఒకటే గది, వాకిట్లో కాలితో తొక్కే కుట్టు మిషను, చుట్టూ తూకానికి కొన్న గుడ్డ ముక్కల సంచులు. గోడకు కట్టిన తాడు నిండా చిన్న చిన్న అంగీలు గాలికి ఊగుతున్నాయి. ఇంకో రోజైతే హరిణి అక్కడే కూర్చుని చప్పట్లు కొట్టేది.

"ముందు తెరిచేది కావాలమ్మా. గుండు చేస్తున్నారు. రెండేళ్ళు దాటాయి వాడికి."

ఉప్పలమ్మ కళ్ళద్దాల మీదుగా చూసింది. "ఏండ్లు జెప్పకు బిడ్డా. ఏండ్లకు కుట్టరు, ఒంటికి కుడ్తరు. ఛాతెంత?"

హరిణి రెండు అరచేతులూ ఎడంగా పెట్టి చూసి, దించేసింది. కొలతకు పనికొచ్చే పసుపు చొక్కా కల్పన కొంగు కింద ఉంది.

"వాన్ని ఎన్నడన్న ఎత్తుకున్నవా?"

"ఈ పొద్దునే ఎత్తుకున్నాను."

ఉప్పలమ్మ గుడ్డ ముక్కల సంచీ ఒకటి తెచ్చి హరిణి చంకన పెట్టింది. "పట్టుకో. గింత ఉంటడా?"

హరిణి కళ్ళు మూసుకుంది. పొద్దున గుడి మెట్ల మీద సన్నీ తన నడుము చుట్టూ కాళ్ళు వేసి, తన చెవి జూకా లాగాడు. చెయ్యి వాడి వీపు చుట్టూ తిరిగి ఎక్కడి దాకా వచ్చింది? "ఇంకొంచెం లావు," అంది. ఉప్పలమ్మ నాలుగు ముక్కలు కుక్కింది. "ఇంకొంచెం." మరో రెండు. చేతివేళ్ళు రెండో మోచేతిని అందీ అందకుండా ఆగాయి. "ఇంతే! ఇంతే ఉంటాడు!"

ఉప్పలమ్మ సంచీ నడుముకు టేపు చుట్టి, తాడు మీది నుంచి రెండు అంగీలు తీసింది. ఒకదానికి నల్ల అంచు ఉంది. ఆమే వెనక్కి పెట్టేసింది. "గుడి కాడికి నల్లది తీస్కపోవద్దు." రెండోది చిలకపచ్చ, మీద ఆవగింజలంత తెల్ల చుక్కలు. హరిణి చేతిలోకి తీసుకుంది. ముందు తెరిచే ఉంది. కానీ గుండీల్లేవు, కాజాలూ లేవు.

"దీని పని ఇంకా గాలే బిడ్డా. గుండీలు కుట్టాల్నంటె అర్ధ గంట."

ఫోన్ మోగింది. వీరేందర్. "హరిణీ, రెండోవాడిది అయిపోవస్తుంది. యాడున్నవ్?"

"వీరూ, నువ్వు కాస్త..." అంటూనే ఆమె ఫోన్ పెట్టేసింది.

ఉప్పలమ్మ అప్పటికే మిషను ముందు కూర్చుంది. "ఫికర్ జెయ్యకు. నాడాలు పెడ్త. మూడు ముళ్ళు ఏస్తె అయిపాయె." మిషను గడగడలాడింది. ఒక నాడా పడింది, రెండోది పడింది. మూడో దాని దగ్గర పటుక్కున దారం తెగింది. "నాకు సూది బెజ్జం ఆనది. నువ్వెక్కియ్యి."

హరిణి సూది మీదికి వంగింది. దారం బెజ్జం పక్క నుంచి జారిపోయింది. ఇంకోసారి వేసినా జారింది. దారం కొన నాలుకతో తడిపి, ఊపిరి బిగపట్టి గుచ్చితే మూడోసారి దూరింది.

"లాగు వద్దా?"

"లాగు ఉందమ్మా. అది కాళ్ళ నుంచేగా ఎక్కేది!" ఆ మాట అన్నాక గానీ హరిణికి తెలియలేదు, బాతుపిల్ల జేబు నిక్కరు ఇంకా పనికొస్తుందని. ఆ హడావిడిలోనూ ఆమెకు పిసరంత సంతోషం కలిగింది.

ఉప్పలమ్మ మూడో నాడా కుట్టి, అంగీ కొసకు పసుపు అద్ది చేతిలో పెట్టింది. నూట యాభై ఇచ్చి హరిణి స్కూటీ తిప్పింది.

మూల తిరిగేసరికి ఒక ఫ్యాక్టరీ గేటులోకి లారీ వెనక్కి పోతోంది. రోడ్డంతా అడ్డం. క్లీనర్ "ఆనే దో, ఆనే దో," అని వెనక్కి రానిమ్మంటూ చెయ్యి ఊపుతున్నాడు. లారీ పోయినంత పోయి, సరిగ్గా పడక మళ్ళీ ముందుకొచ్చింది. హరిణి అంగీని జాకెట్టుకు అదుముకుని హారన్ మోగిస్తూనే ఉంది. లారీ ముందు భాగానికీ గోడకూ మధ్య స్కూటీ పట్టేంత సందు కనబడగానే దూరింది.

షెడ్డు ముందు స్కూటీ ఆపేసరికి సన్నీ ఏడుపు వినిపించింది. ఇది కత్తికి భయపడిన ఏడుపు కాదు, చన్నీళ్ళ ఏడుపు. అంటే స్నానం కూడా అయిపోయింది. టవల్లో చుట్టిన వాడి గుండు మీద గంధం మెరుస్తోంది. ముత్తమ్మ సంచీలోంచి తన జత తీసేసింది.

"ఒక్క నిమిషం అత్తమ్మా," అంటోంది కల్పన. ఆ గొంతులో ఇక బలం లేదు.

"పోరడు వణుకుతుండు. మీ అన్న పెండ్లాం వచ్చేదాంక ఒంటి మీద బట్ట లేకుంట ఉంచుదామా?"

"వచ్చేశాను!"

హరిణి అంగీని సన్నీకి వేయలేదు. వీరేందర్ చేతిలో పెట్టింది. అతని ఒడి నిండా పిల్లాడి వెంట్రుకలు. అతను ఒక చెయ్యి దూర్చాడు, రెండో చెయ్యి దూర్చాడు. అందరూ చూస్తున్నారు. భుజాలు కూర్చున్నాయి. పొట్ట దగ్గర రెండు అంచులూ కలిశాయి. హరిణి అప్పుడు ఊపిరి వదిలింది. మూడు నాడాలు ముడిపడ్డాయి. గంధం చుక్క కూడా చెదరలేదు. కల్పన పసుపు నిక్కరు ఎక్కించింది. సన్నీ కింది నాడా కొసను నోట్లో పెట్టుకుని ఏడుపు ఆపేశాడు.

ముత్తమ్మ వంగి అంగీ అంచు తిప్పి చూసింది. "లోపటి కుట్టు గుచ్చుకోకుంట మలిచిన్రు. యాడ దొర్కింది బిడ్డా గిది? ఎంతకిచ్చిన్రు?"

హరిణి నోరు తెరిచేలోపు కల్పన అందుకుంది. "అడ్రస్ నేను అడిగి జెప్త అత్తమ్మా. ముందుగాల్ల గీళ్ళందరికి నువ్వు జెప్పు, మా అన్న తెచ్చిన అంగీ సరిపోయిందా, లేదా?"

షెడ్డు కింద అందరూ ముత్తమ్మ వైపు తిరిగారు. పెంటయ్య కూడా కత్తి తుడవడం ఆపాడు. ముత్తమ్మ కోడలిని చూసింది, మనవడిని చూసింది. చేతిలో జతను నెమ్మదిగా మడిచి మళ్ళీ సంచీలో పెట్టింది.

"సరిపోయింది తియ్యి," అంది. ఆ తర్వాత ఊరుకుంటే ఆవిడ ముత్తమ్మ ఎందుకవుతుంది? "జర వదులే ఉంది. వచ్చే ఏడు గూడ తొడగొచ్చు."

నలుగురూ నవ్వారు. హరిణి ఎగదోపిన కుచ్చిళ్ళు దించుకుంది. కల్పన దగ్గరికొచ్చింది. వదిన పట్టుచీర మీద అంటుకున్న చిలకపచ్చ దారం ముక్కను గిల్లి తీసి, పారేయకుండా తన కొంగు కొసన ముడేసుకుంది.